పళ్ళ పట్టాపై కొండకు, రబ్బరు చక్రాలపై దిగువకు

మెట్టుపాళయం స్టేషనులో ఉదయం ఏడుగంటల వేళ నీలగిరి రైలు ఎక్కబోతూ మా తొమ్మిదవ తరగతి విద్యార్థి ఒకడు, "ఇంజను వెనకవైపు తగిలించినారేమండీ మాస్టారూ? మరచిపోయినారా?" అని అడిగినాడు. పక్కనున్న పిల్లలు నవ్వినారు గాని, అది నవ్వి వదలివేయదగిన ప్రశ్న కాదు. ఆ రైలును గురించి తెలుసుకోవలసినదంతా ఆ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నది. ఆనాడు మేము కొండ ఎక్కవలసినది రైలులో, దిగవలసినది బస్సులో. ఒకే కొండమీద ఒకే రోజున ఇనుప చక్రాన్నీ రబ్బరు చక్రాన్నీ పోల్చి చూడడానికి ఇంతకంటె మంచి అవకాశం దొరకదు.

తమిళనాడు పడమటి అంచున ఉన్న నీలగిరుల పాదం దగ్గర మెట్టుపాళయం సముద్రమట్టానికి సుమారు 326 మీటర్ల ఎత్తున ఉన్నది. కొండమీది ఉదకమండలం, అనగా మన ఊటీ, సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్నది. ఈ రెండింటి నడుమ రైలుదారి 46 కిలోమీటర్లు. కూనూరు వరకు 1899లోను, ఊటీ వరకు 1908లోను ఈ దారి పూర్తి అయినది. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చినది. ఎక్కడానికి దాదాపు అయిదుగంటలు పడుతుంది. బస్సుకు అందులో సగం కూడా పట్టదు. తొందర ఉన్నవారు బస్సులోనే పోతారు. కాని రైలు ఎందుకంత నెమ్మదిగా పోతుందో, బస్సుకు అక్కరలేని పళ్ళు దానికెందుకు కావలసి వచ్చినవో తెలిసినవారికి ఆ అయిదుగంటలూ బరువనిపించవు.

మొదట చదునైన నేలను తలచుకొందాం. నున్నని ఇనుప పట్టామీద ఇనుప చక్రం దొర్లుతుంటే ఎదురయ్యే నిరోధం చాలా స్వల్పం. ఒక టన్ను బరువుగల పెట్టెను కదుపుతూ ఉండడానికి నాలుగైదు కిలోల బరువుకు సమానమైన బలం చాలు. అదే టన్ను రబ్బరు టైర్లమీద ఉంటే సుమారు పది కిలోలు కావలెను. టైరు నేలకు తగిలినచోట నొక్కుకుపోయి మళ్ళీ పొంగుతూ ఉంటుంది కనుక కొంతశక్తి అక్కడ వృథా అవుతుంది. మైదానంలో రైలు పొదుపైన వాహనం కావడానికి ఇదొక ముఖ్యకారణం.

ఇప్పుడు కొండకు వద్దాం. కల్లారు నుండి కూనూరు వరకు ఈ దారి వాలు కొన్నిచోట్ల పన్నెండుకు ఒకటి దాకా ఉన్నది. అనగా పన్నెండు మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు పైకి ఎక్కవలెను. ఇట్టి వాలుమీద ప్రతి టన్ను బరువూ సుమారు 83 కిలోల బలంతో వెనకకు లాగుతుంది. మైదానంలో నాలుగైదు కిలోలతో సరిపెట్టుకొన్న రైలుకు ఇక్కడ దానికి పదిహేనింతలకు మించి బలం కావలెను.

ఆ బలం ఇంజనులో లేకపోలేదు. చిక్కంతా చక్రం పట్టాను పట్టుకొనే పట్టులో ఉన్నది. ఇంజను ఎంత బలంగా చక్రాన్ని త్రిప్పినా, పట్టాను వెనకకు నెట్టగలిగినంతమేరకే బండి ముందుకు పోతుంది. అంతకు మించితే చక్రం ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ఆరిన పట్టామీద ఈ పట్టు చక్రాలపై ఉన్న బరువులో సుమారు అయిదవ వంతు, తడిసిన పట్టామీద పదవ వంతు ఉంటుందనుకొందాం. ఇంజను 50 టన్నులు, అది నెట్టే పెట్టెలు మరి 50 టన్నులు అనుకొని లెక్కవేస్తే, పన్నెండుకు ఒకటి వాలుమీద 100 టన్నులను నిలబెట్టడానికే 8.3 టన్నుల బలం కావలెను. ఎండరోజున ఇంజనుకు దొరికే పట్టు 10 టన్నులు. ఎట్లో గట్టెక్కవచ్చును. వానపడిందా, దొరికేది 5 టన్నులే! ఎండరోజులలో మాత్రమే నడిచే రైలు ఎవరికి కావలెను? పైగా నీలగిరులకు నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ వానలు తెస్తవి.

ఈ పట్టును తరగతి గదిలోనే కొలిచి చూపవచ్చును. ఒక పలకమీద ఇనుపరేకు పరచి, దానిపై ఒక ఇనుప తూకపురాయిని ఉంచి, పలక ఒక కొనను మెల్లగా పైకెత్తవలెను. రాయి జారడం మొదలుపెట్టిన క్షణాన పలక కొన ఎత్తును, దాని క్రింది అడ్డపు దూరంతో భాగిస్తే వచ్చేదే ఘర్షణ గుణకం. రేకుమీద సబ్బునీళ్ళు పూసి మళ్ళీ చూడండి. ఆ తరువాత పాత రబ్బరు చెప్పు ముక్కను గరుకుపలకమీద పెట్టి చూడండి. ఇనుముకూ రబ్బరుకూ గల భేదం పిల్లల కళ్ళకే కనబడుతుంది. ఆరిన తారురోడ్డుమీద మంచి టైరు తనపై ఉన్న బరువులో 70 పాళ్ళవరకు పట్టు ఇస్తుంది. తడిరోడ్డుమీద కూడ ఎంతో కొంత మిగులుతుంది. బస్సుకు పళ్ళెందుకు అక్కరలేదో ఇక వేరే చెప్పనక్కరలేదు. మైదానంలో ఇనుప చక్రానికి మేలుచేసిన నునుపే కొండమీద దానికి కీడు చేస్తున్నది.

ఈ ఇబ్బందిని దాటడానికి ఇంజనీర్లకు కొన్ని మార్గాలున్నవి. ఒకటి వాలును తగ్గించడం. విశాఖపట్టణం నుండి అరకు వెళ్ళేవారు ప్రయాణించే కొత్తవలస-కిరండోలు దారి ఈ పద్ధతికి చెందినది. బైలదిల్లా గనుల ఇనుపరాయిని రేవుకు చేర్చే భారీ బండ్లు నడవవలెను కనుక, ఆ దారిని కొండల ప్రక్కలను చుట్టించి, డజన్లకొద్దీ సొరంగాలు తవ్వి, మెల్లని వాలుతో తీసుకుపోయినారు. అందుచేత సిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరినా దానికి పళ్ళు లేవు. వాలు తగ్గింది గాని దూరమూ ఖర్చూ పెరిగినవి. రెండవది డార్జిలింగు పద్ధతి: చిన్న ఇంజను, తేలికపాటి పెట్టెలు, మెలికల దారి, చక్రాలు జారినచోట పట్టాలపై ఇసుక. మూడవది నీలగిరి పద్ధతి. పట్టుమీద ఆధారపడడమే మానివేయడం.

స్విట్జర్లాండు ఇంజనీరు రోమన్ ఆబ్ట్ 1882లో పేటెంటు పొందిన ఏర్పాటు ఇక్కడ ఉన్నది. రెండు పట్టాల నడుమ, వాటికంటె కొంచెం ఎత్తుగా, పళ్ళు కోసిన రెండు ఉక్కుబద్దలు ప్రక్కప్రక్కన బిగించి ఉంటవి. ఒక బద్దలో పన్ను ఉన్నచోట రెండవదానిలో సందు ఉంటుంది. ఇంజను అడుగున ఉన్న పళ్ళచక్రాలు వీటిలో చిక్కుకొని తిరుగుతవి. పళ్ళు అట్లా ఎదురుబొదురుగా ఉండడంలో ఒక యుక్తి ఉన్నది. ఒక చక్రపు పన్ను సందులోకి దిగుతూ ఉండగానే రెండవచక్రపు పన్ను పూర్తిగా పట్టుకొని ఉంటుంది. పట్టు ఏ క్షణాననూ వదలిపోదు, బండి కుదుపులతో పోదు. కల్లారు దాటినతరువాత బండి బాగా నెమ్మదిస్తుంది. పళ్ళు పళ్ళలో సరిగా కూర్చోవలెను గదా! అందుకని ఆ బద్దల మొదటి భాగాన్ని స్ప్రింగులమీద అమర్చినారు. మా పిల్లలు కిటికీలలో నుండి తలలు బయటపెట్టకుండా ఆపడమే నాకు పెద్దపని అయినది. అక్కడినుండి అడుగున వినిపించే గరగర కూనూరు దాకా విడువదు. ఆ భాగంలో వేగం గంటకు సుమారు 13 కిలోమీటర్లు, అనగా తాపీగా త్రొక్కే సైకిలు వేగం.

ఈ ఇంజను కూడ సామాన్యమైనది కాదు. దీనికి నాలుగు సిలిండర్లు. రెండు మామూలు చక్రాలను త్రిప్పుతవి, రెండు పళ్ళచక్రాలను త్రిప్పుతవి. చదును నేలపై మొదటి రెండే పనిచేస్తవి. వాటిలో పనిచేసిన ఆవిరి పొగగొట్టం ద్వారా బయటికి పోతుంది. పళ్ళదారి రాగానే డ్రైవరు ఆ ఆవిరిని బయటికి పోనీయక పళ్ళచక్రాల సిలిండర్లలోకి మళ్ళిస్తాడు. ఒక్క ఆవిరి రెండుసార్లు పనిచేస్తుందన్నమాట. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ నుండి వచ్చిన ఇంజన్లు ఇక్కడ దశాబ్దాలపాటు పనిచేసినవి. తరువాత తిరుచినాపల్లిలోని గోల్డెన్ రాక్ కర్మాగారంలో కూడ ఇట్టివి తయారయినవి. కూనూరు మీదట వాలు తగ్గుతుంది, పళ్ళు ఉండవు. అక్కడినుండి ఊటీవరకు డీజిలు ఇంజను వస్తుంది.

ఇక పిల్లవాని ప్రశ్న. ఎక్కేటప్పుడు ఇంజను ముందుండి లాగుతూ ఉంటే, పెట్టెల నడుమ కొక్కెం తెగినదనుకోండి, వెనకపెట్టెలు లోయవైపు పరుగెత్తుతవి. ఇంజను దిగువన ఉండి నెడితే ఆ భయం లేదు. పెట్టెలు దానిమీద ఆనుకొనే ఉంటవి. దిగేటప్పుడు కూడ ఇంజను దిగువనే, అనగా ముందు ఉంటుంది. అయితే ఎక్కేటప్పుడు వెనకనున్న డ్రైవరుకు దారి కనబడదు గదా? అందుకని మొదటిపెట్టె ముందరి వసారాలో ఒక మనిషి నిలబడి జెండాలతో సంజ్ఞలు చేస్తూ ఉంటాడు. ప్రతిపెట్టెకూ బ్రేకువేసే మనిషి వేరుగా ఉంటాడు. ఇంతమంది ఎందుకని అనిపించవచ్చును. ఎక్కేటప్పుడు పట్టు చాలకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు పట్టు చాలకపోతే బండి ఆగదు.

హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీళ్ళు త్రాగింది, మేము టీ త్రాగినాము. దారిపొడుగునా కొండరాతిని కోసిన గోడలు, వాటినుండి కారే నీళ్ళు. ఆ నీళ్ళే ఈ దారికి శత్రువులు కూడ. పెద్దవానలలో కొండచరియలు విరిగిపడి రాకపోకలు నిలిచిపోవడం ఇక్కడ తరచు జరుగుతుంది. 2009 నవంబరు వానలకు విరిగిపడిన చరియలు జిల్లాలో ఎందరి ప్రాణాలనో బలిగొన్నవి.

ఊటీలో ఉన్నది నాలుగుగంటలు. మెట్టుపాళయం కంటె సుమారు పన్నెండు డిగ్రీలు చల్లన. నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరగుతవి కనుక అన్నం ఉడకడం ఆలస్యమని హోటలువారు చెప్పకముందే మాకు తెలుసు. బయలుదేరేముందు ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసాకు బిరడా గట్టిగా బిగించి సంచిలో వేయించినాను.

దిగడం బస్సులో. కూనూరు దిగువన రోడ్డు జడపిన్ను మలుపులతో మెలికలు తిరుగుతుంది. అంత ఇరుకుమలుపు ఏ రైలుకూ సాధ్యం కాదు. పట్టుకు లోటులేదని ముందే అనుకొన్నాము. మరి బస్సుకు ప్రమాదం ఎక్కడ ఉన్నది? వేడిలో ఉన్నది. ప్రయాణికులతో కలిసి 12 టన్నుల బస్సు కూనూరు నుండి మెట్టుపాళయానికి సుమారు 1,385 మీటర్లు దిగుతుంది. అంత ఎత్తున ఉన్నందువల్ల దానిలో దాగియున్న స్థితిజశక్తి ఎక్కడికో పోవలెను గదా! లెక్కవేస్తే అది 16 కోట్ల జౌళ్ళకు పైమాట. అయిదువందల లీటర్ల చన్నీళ్ళను మరిగే స్థితికి తేగల వేడి. అందులో నాలుగవవంతో అంతకంటె కొంచెం ఎక్కువో టైర్లు, గాలి ఖర్చుచేస్తవి. తక్కినదంతా బ్రేకులే భరించవలసివస్తే వాటి డ్రమ్ములు కాలిపోతవి. వేడెక్కిన బ్రేకులైనింగు పట్టు తగ్గిపోతుంది. డ్రైవరు ఎంతగా త్రొక్కినా బండి వేగం తగ్గదు. కనుమదారులలో "బ్రేకు పడలేదు" అని చెప్పుకొనే ప్రమాదాలలో కొన్నింటికి కారణం బ్రేకు చెడిపోవడం కాదు, అది అలసిపోవడం.

దీనికి విరుగుడు గేరు. చిన్నగేరులో చక్రం ఒకసారి తిరిగేలోపల ఇంజను ఎన్నోసార్లు తిరగవలెను. యాక్సిలరేటరు వదలివేస్తే ఇంజనుకు డీజిలు అందదు. దానిని చక్రాలే బలవంతంగా త్రిప్పవలసివస్తుంది. ఆ శ్రమలో శక్తి ఖర్చయి, వేడి రేడియేటరు ద్వారానూ పొగగొట్టం ద్వారానూ బయటికి పోతుంది. తిరుమల కొండదారిలో దిగే బస్సు ఇంజను అంత బిగ్గరగా మూలగడం అందుకే. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగవలెనని పాతడ్రైవర్లు చెప్పేమాటకు అర్థం ఇదే. నీలగిరి రైలు ఇంజను కూడ దిగేటప్పుడు చేసేది దాదాపు ఇదే పని. దాని సిలిండర్లు గాలిని నొక్కే పంపులుగా మారి చక్రాలను అడ్డగిస్తవి. అవి వేడెక్కకుండా కొద్దిగా నీళ్ళు పంపుతారు. డీజిలు మిగులుతుందని గేరు తీసివేసి కొండదిగే డ్రైవర్లు నేటికీ లేకపోలేదు. గేరులో ఉండగా యాక్సిలరేటరు వదిలితే డీజిలు ఎట్లాగూ పోదు. మిగిలేది ఏమీలేదు, పోయేది మాత్రం బ్రేకు.

బర్లియారు దగ్గర మా డ్రైవరు పండ్లదుకాణాల ఎదుట బస్సు ఆపినాడు. అక్కడే ఒక కారు ఆగి ఉన్నది. దాని చక్రాలనుండి కమురువాసన వస్తున్నది. కారువారు చక్రాలపై నీళ్ళు పోయబోతుంటే మా డ్రైవరు కేకవేసి ఆపినాడు. కాలుతున్న ఇనుముమీద చన్నీళ్ళు పడితే బీట వారవచ్చును. "అరగంట ఊరకే ఉండండి, అదే చల్లారుతుంది" అని ఆయన చెప్పినట్లు ఒక తమిళం వచ్చిన విద్యార్థి మాకు తెలిపినాడు. మా బస్సు చక్రం దగ్గర చేయి కొంచెం దూరంగా పెట్టి చూసినాము. వెచ్చగా ఉన్నది, అంతే. ఆయన దారిపొడుగునా రెండవగేరు దాటలేదు.

మెట్టుపాళయంలో సంచి తెరిచేసరికి ఊటీలో బిగించిన సీసా ప్రక్కలు లోపలికి నొక్కుకొనిపోయి ఉన్నది. లోపలిగాలి ఘనపరిమాణం దాదాపు ఆరవవంతు తగ్గినదని లెక్క. ఉదయం ఇంజనును గురించి అడిగిన కుర్రవాడే దానిని చేతిలోకి తీసుకొని, "ఎవరు తొక్కినార్రా దీన్ని?" అన్నాడు.