రష్యన్ చదివితే కొల్లేరుకేంటి?

ఇంటర్ అయ్యాక రష్యన్ చదువుతానంటే ఏలూరు, తాడేపల్లిగూడెం ఇళ్లల్లో మొదట వచ్చే మాట "దాంతో ఏం చేస్తావు?" అనే. భాష ఒక్కటే అయితే జవాబు కష్టమే. సామాజిక విధానం తోడైతే సంగతి వేరు. ప్రభుత్వ నిర్ణయం ఎవరికి మేలు చేసింది, ఎవరిని వదిలేసిందో తేల్చే చదువు అది.

కొల్లేరునే చూడండి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. పక్షులకు చోటు కావాలి, చేపల మీద బతికేవాళ్లకు కూడూ కావాలి. రష్యాలో వోల్గా నది సముద్రంలో కలిసేచోట ఆస్ట్రాఖాన్ అభయారణ్యం 1919 నుంచే ఉంది. ఆ ప్రాంతంలోనూ చేపల వేట పాత బతుకుతెరువే. తాతార్, కజక్ ముస్లింలూ ఉంటారు. అక్కడి చట్టాలు, పత్రికలు నేరుగా చదవాలంటే రష్యన్ రావాలి.

ఉర్దూ ఇళ్ల పిల్లలకు ఈ భాష మరీ పరాయిదేం కాదు. సందూక్ అక్కడ సుందూక్. చాయ్ చాయే, బజార్ బజారే. లిపి 33 అక్షరాలు.

హైదరాబాద్‌లోని ఇఫ్లూలో రష్యన్ బీఏ ఆనర్స్ ఉంది. ఆపైన సామాజిక విధానంలో ఎంఏకి వెళ్లొచ్చు. ఉద్యోగానికి గ్యారంటీ లేదు. కానీ కొల్లేరు మీద నిర్ణయం జరిగేచోట, వేరే దేశపు అనుభవం చూపి మాట్లాడే మనిషి మన ఊళ్ల నుంచీ ఒకరుంటారు.