డాలర్లు ఆగినా... తలుపు తెరుచుకుంది!

అమెరికా సొమ్ముతో హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం ఓ క్లినిక్ వెలిసింది. నాలుగేళ్లు నడిచింది. ఒక్క ఉత్తర్వుతో మూతపడింది. మళ్లీ లేచి నిలబడింది. ఆ కథే ఇది.

జ్వరమొస్తే మనమేం చేస్తాం? వీధి చివరున్న డాక్టరు దగ్గరికి వెళ్తాం. చీటీ రాయించుకుని మన వంతు కోసం కూర్చుంటాం. ఇందులో ఆలోచించడానికేముంది అనుకుంటున్నారా? ట్రాన్స్‌జెండర్లకైతే కష్టం ఆ చీటీ దగ్గరే మొదలవుతుంది. ఆడా, మగా అన్నచోట ఏం రాయించాలి? ఏ వరసలో నిలబడాలి? ఇక చుట్టూ ఉన్నవాళ్ల చూపులు, వెకిలి నవ్వులు సరేసరి. అవి పడలేక చాలామంది అసలు ఆసుపత్రి గడపే తొక్కరు. రోగం ముదిరాక గానీ బయటపడదు.

ఆ భయం లేకుండా వెళ్లగలిగే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచనే హైదరాబాద్ నారాయణగూడలోని 'మిత్ర్' క్లినిక్. 2021 జనవరిలో మొదలైంది. ట్రాన్స్‌జెండర్లకు అన్ని సేవలూ ఒకేచోట అందించే ఇలాంటి కేంద్రం దేశంలో ఇదే మొదటిది.

అందరూ తలో చెయ్యీ...

ఇలాంటి పనులు ప్రభుత్వాలు ఒక్కటే చేయలేవు. స్వచ్ఛంద సంస్థలకు ఒంటరిగా శక్తి చాలదు. ఇద్దరూ కలిసి కూర్చుని పనిచేయాలన్న ఉద్దేశంతోనే 2016లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో కొన్ని దేశాలు 'సమాన హక్కుల కూటమి'గా ఏర్పడ్డాయి. మనదేశం అందులో చేరలేదు. కానీ నారాయణగూడలో జరిగింది సరిగ్గా అలాంటి పనే!

డబ్బు అమెరికా ప్రభుత్వానిది... యూఎస్ ఎయిడ్ సంస్థ ద్వారా వచ్చేది. సాంకేతిక సాయం జాన్స్ హాప్కిన్స్ వైద్య విద్యాలయానిది. మన ఎయిడ్స్ నియంత్రణ సంస్థల సహకారం సరేసరి. మరి నడిపిందెవరు? చాలావరకూ ట్రాన్స్‌జెండర్లే. డాక్టరు, కౌన్సెలర్, ఇతర సిబ్బంది... ఎక్కువమంది వాళ్లే. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఎదుటి కుర్చీలో తమలాంటి మనిషే కనిపిస్తే, దాచుకున్న బాధ చెప్పుకోవడానికి ఎవరు వెనకాడతారు?

మామూలు జబ్బులకు మందులు, హెచ్‌ఐవీ పరీక్షలు, హార్మోన్ల చికిత్సపై సలహాలు, మనసు కుంగినవారికి కౌన్సెలింగ్, న్యాయసాయం- అన్నీ అక్కడే. వీటి అవసరం ఎంతో తెలియాలంటే ఒక్క లెక్క చాలు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 గణాంకాల ప్రకారం దేశంలో వయోజనుల్లో హెచ్‌ఐవీ ఉన్నవారు 0.21 శాతం. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో అది 3.78 శాతం. అంటే సుమారు 18 రెట్లు!

ఒక్క సంతకంతో...

2025 జనవరి 20. డొనాల్డ్ ట్రంప్ అమెరికా అధ్యక్షుడిగా రెండోసారి ప్రమాణం చేశారు. విదేశాలకిచ్చే సాయాన్ని 90 రోజులపాటు నిలిపేస్తూ ఆ రోజే సంతకం పెట్టారు. ఆ దెబ్బకు హైదరాబాద్‌తోపాటు పుణె, కల్యాణ్‌లలోని క్లినిక్‌లూ మూతపడ్డాయి. వాటిమీద ఆధారపడిన సుమారు అయిదు వేలమంది దిక్కుతోచని స్థితిలో పడ్డారు. అమెరికన్ల పన్నుల సొమ్ము వెళ్తున్నది వీటికేనంటూ ఎలాన్ మస్క్ 'ఎక్స్'లో ఎత్తిపొడిచారు.

ఇంతకీ ఆ ఖర్చెంత? ఒక్కో క్లినిక్‌కు నెలకు రెండున్నర లక్షల రూపాయల వరకూ అని అప్పటి వార్తలు చెప్పాయి. మన దగ్గర ఓ మోస్తరు పెళ్లి భోజనాల ఖర్చు!

అదృష్టవశాత్తూ హైదరాబాద్ క్లినిక్ కథ అక్కడితో ముగిసిపోలేదు. టాటా ట్రస్ట్స్ ముందుకొచ్చింది. 2025 మేలో 'సబ్‌రంగ్' అన్న కొత్త పేరుతో తలుపులు తెరుచుకున్నాయి.

మన వంతు ఏంటి?

దాతలు ఆదుకోవడం సంతోషమే. కానీ ఇది దయాదాక్షిణ్యాలకు వదిలేయాల్సిన విషయమా? ట్రాన్స్‌జెండర్లకు వైద్యం, ఆరోగ్యబీమా కల్పించే బాధ్యత ప్రభుత్వాలదేనని పార్లమెంటు 2019లోనే చట్టం చేసింది. వాళ్లను నేరగాళ్లుగా చూసిన నిజాం కాలంనాటి 1919 చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసింది. ఆసరా పింఛన్లు వాళ్లకూ వర్తింపజేయమంది. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున 33 'మైత్రి' ట్రాన్స్ క్లినిక్‌లను ప్రారంభించింది.

మంచి అడుగే. అయితే భవనం, బోర్డు, మందులు ఉన్నంత మాత్రాన జనం రారు. లోపల కూర్చున్నవాళ్ల మీద నమ్మకం ఉంటేనే వస్తారు. నారాయణగూడలో ఆ నమ్మకం పెరిగింది ట్రాన్స్‌జెండర్లకే బాధ్యత అప్పగించడం వల్ల. జిల్లాల్లోని క్లినిక్‌లలోనూ వాళ్లకు ఉద్యోగాలిచ్చి, ఏటా బడ్జెట్‌లో నిధులు కేటాయిస్తే... ఎక్కడో వాషింగ్టన్‌లో ఎవరో సంతకం చేసినంత మాత్రాన ఇక్కడ ఎవరి మందులూ ఆగిపోవు.