ఇంజన్‌ను కాపాడిన ఇంధనం

నీళ్లు లేని సత్తు గిన్నెను పొయ్యి మీద మరచిపోతే అడుగు చిల్లు పడుతుంది. నీళ్లుంటే ఎంత మంట పెట్టినా గిన్నెకు ఏమీ కాదు. మంట వేడిని నీళ్లు లాగేసుకోవడమే కారణం. ప్రతి ఇల్లాలికీ తెలిసిన ఈ సంగతే రాకెట్ ఇంజన్‌నూ కాపాడుతున్నది.

అమెరికాలో 1930లో కొందరు ఔత్సాహికులు ఒక రాకెట్ సంఘం పెట్టుకున్నారు. సొంత ఖర్చుతో ఇంజన్లు తయారుచేసి, నేల మీదనే గట్టిగా బిగించి మండించి చూసేవారు. ఆల్కహాలు, ద్రవ ఆక్సిజన్ కలిసి మండితే వేడి 3,000 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోతుంది. ఇనుము 1,540 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. దీంతో కొద్ది సెకండ్లకే ఇంజన్ మూతి కరిగిపోయేది. గోడకు చిల్లు పడితే పేలుడు ప్రమాదం కూడా. గోడ దళసరి చేస్తే బరువు పెరుగుతుంది. చుట్టూ నీళ్లు పెడితే ఆ నీటినీ రాకెట్టే మోయాలి.

రెండు గోడల ఉపాయం

సంఘ సభ్యుడైన జేమ్స్ వైల్డ్ అనే యువ ఇంజనీరు వేరే దారి పట్టారు. ఆస్ట్రియాలో యూజెన్ సేంగర్ అప్పటికే ఈ దిశగా ప్రయోగాలు చేసి ఉన్నారు. వైల్డ్ ఇంజన్‌కు రెండు గోడలు పెట్టి, మధ్య సన్నని సందు వదిలారు. మండవలసిన ఆల్కహాలే ముందుగా ఆ సందులో పరుగెత్తి, గోడ వేడిని తీసుకుని, ఆ తరువాత లోపలికి పోయి మండుతుంది. అదనపు నీళ్లు అక్కరలేదు, వేడీ వృథా కాదు.

కిటుకంతా సందు కొలతలోనే ఉంది. వెడల్పయితే ప్రవాహం మందగించి, ఆల్కహాలు ఆవిరై, గోడ మాడుతుంది. మరీ ఇరుకైతే ఇంధనాన్ని నెట్టడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి.

1938 డిసెంబరు 10న న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌లో ఈ ఇంజన్‌ను పరీక్షించారు. 13 సెకండ్లకు పైగా మండి, సుమారు 90 పౌండ్ల తోపు ఇచ్చింది. గోడ కరగలేదు.

వైల్డ్, మరి ముగ్గురు సభ్యులు 1941లో కంపెనీ పెట్టారు. వారి కంపెనీ ఇంజన్‌తోనే 1947 అక్టోబరు 14న ఎక్స్-1 విమానం ధ్వని వేగాన్ని దాటింది.

ఇదంతా చదివి ఇంట్లో ప్రయత్నించడం ప్రాణాంతకం. ద్రవ ఆక్సిజన్‌కు నూనె మరక తగిలినా పేలవచ్చు.

2023 జూలై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3ను మోసుకుపోయిన రాకెట్ పై అంచెలోనూ ఇదే పద్ధతి. అక్కడ ఆల్కహాలు బదులు అతి చల్లని ద్రవ హైడ్రోజన్ గోడల మధ్య పారింది. పొయ్యి మీది గిన్నె సూత్రం చంద్రుడి దారిలోనూ పనికొచ్చింది.