స్లీప్ ఏప్నియా - వాహన చోదకం

స్లీప్ ఏప్నియా అనగా నిద్రలో ఊపిరి పదే పదే ఆగిపోయే వ్యాధి. 'ఏప్నియా' అనే మాటకు గ్రీకు భాషలో శ్వాస లేకపోవడం అని అర్థం. ఈ వ్యాధి ఉన్నవారు రాత్రంతా నిద్రపోయినట్లే కనిపించినా పగటిపూట మగత వారిని వదలదు. చికిత్స పొందకుండా ఇటువంటివారు వాహనం నడపడం వారికే గాక ప్రయాణికులకు, దారిన పోయేవారికి కూడా ప్రమాదకరం. ఊపిరి ఆగడం నిద్రలోనే జరుగుతుంది కనుక చాలామందికి తమకు ఈ వ్యాధి ఉన్న సంగతే తెలియదు.

వ్యాధి స్వభావం

ఈ వ్యాధిలో ఎక్కువగా కనిపించేది శ్వాసమార్గం మూసుకొనిపోయే రకం. నిద్రలో గొంతు కండరాలు సడలినప్పుడు నాలుక మొదలు, మెత్తని అంగిలి వెనుకకు జారి గాలికి అడ్డుపడతాయి. ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగితే దానిని ఒక ఏప్నియాగా లెక్కిస్తారు. అప్పుడు మెదడు నిద్రను క్షణకాలం చెదరగొడుతుంది. కండరాలు తిరిగి బిగుసుకొని, పెద్ద గురకతో గాలి లోపలికి వస్తుంది. ఈ మెలకువ రోగికి సాధారణంగా గుర్తుండదు.

శ్వాస ఆగడం లేదా బాగా తగ్గడం గంటకు సగటున 5 నుంచి 14 సార్లు జరిగితే వ్యాధి స్వల్పమనీ, 15 నుంచి 29 అయితే మధ్యస్థమనీ, 30 లేదా అంతకు మించితే తీవ్రమనీ అంటారు. గంటకు 30 సార్లు అంటే సగటున ప్రతి రెండు నిమిషాలకు ఒకసారి. స్థూలకాయం, లావైన మెడ, చిన్న దవడ, పెరిగిన టాన్సిల్స్, మద్యపానం ఈ వ్యాధికి దోహదం చేస్తాయి. సన్నగా ఉన్నవారికి కూడా ఇది రావచ్చును.

వాహనం నడిపేటప్పుడు

నిద్ర ముక్కలైనందువలన ఏకాగ్రత సన్నగిల్లుతుంది. ఎదురైన ఆపదకు స్పందించడం ఆలస్యమవుతుంది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది కొద్ది సెకన్ల కునుకు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ సెకనుకు సుమారు 22 మీటర్లు సాగుతుంది. చోదకునికి నాలుగు సెకన్లు కునుకు పడితే ఆ వాహనం దాదాపు 89 మీటర్లు నడిపేవారు లేకుండానే పోతుంది. నిద్రలో ఉన్నవాడు బ్రేకు వేయడు, పక్కకు తప్పుకోడు. అందుచేత ఇటువంటి ప్రమాదాలలో దెబ్బ తీవ్రంగా ఉంటుంది.

ఈ వ్యాధి ఉన్న చోదకులకు ప్రమాదం జరిగే అవకాశం ఇతరులకన్నా సుమారు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుందని పలు అధ్యయనాల సారాంశం. తెల్లవారుజామున, మధ్యాహ్న భోజనానంతరం శరీరానికి సహజంగా వచ్చే మగత దీనికి తోడవుతుంది. టీ తాగడం, పాటలు పెట్టుకోవడం, ముఖం కడుక్కోవడం కొద్దిసేపు మాత్రమే పనిచేస్తాయి. మద్యం సేవించినవారిని పట్టుకోవడానికి శ్వాస పరీక్ష ఉన్నది కాని, నిద్రమత్తును కొలవడానికి రోడ్డు మీద అటువంటి సాధారణ పరీక్ష లేదు.

రెండు రైలు ప్రమాదాలు

రోడ్డు ప్రమాదంలో చోదకుడు మరణిస్తే, లేదా జరిగినది అతనికి గుర్తులేకపోతే, నిద్రే కారణమని తేల్చడం కష్టం. రైళ్ళలో వేగాన్ని, బ్రేకుల వాడకాన్ని నమోదు చేసే పరికరాలుంటాయి కనుక విచారణ మరింత స్పష్టంగా జరుగుతుంది. 2013 డిసెంబరు 1న న్యూయార్క్ నగరంలోని స్పైటెన్ డైవిల్ వద్ద ఒక ప్రయాణికుల రైలు పట్టాలు తప్పి నలుగురు మరణించారు. గంటకు 48 కిలోమీటర్లు మించరాని మలుపులోకి అది 132 కిలోమీటర్ల వేగంతో ప్రవేశించింది. డ్రైవరు నిద్రలోకి జారుకున్నాడనీ, అతనికి అప్పటివరకు గుర్తించని తీవ్రమైన స్లీప్ ఏప్నియా ఉన్నదనీ అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు నిర్ధారించింది. అతని పనివేళలు కొద్దికాలం ముందే మారడం కూడా ఇందుకు తోడైంది. 2016 సెప్టెంబరు 29న న్యూజెర్సీ రాష్ట్రంలోని హోబోకెన్ స్టేషనులో రైలు ఆగక ప్లాట్‌ఫారం మీదికి దూసుకొనిపోయి ఒక మహిళ మరణించింది. అక్కడ కూడా ఇదే వ్యాధి బయటపడింది.

గుర్తింపు, చికిత్స

రోగికి తెలియని సంగతి పక్కన పడుకున్నవారికి తెలుస్తుంది. గురక మధ్యలో హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ తరువాత ఉక్కిరిబిక్కిరి కావడం ముఖ్య లక్షణాలు. ఉదయం తలనొప్పి, కూర్చున్నచోటనే కునికిపాట్లు, దాటివచ్చిన కొన్ని కిలోమీటర్లు గుర్తులేకపోవడం కూడా హెచ్చరికలే. 1991లో ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ రూపొందించిన ఎప్‌వర్త్ ప్రశ్నావళిలో 8 ప్రశ్నలకు మొత్తం 24 మార్కులు. 10 దాటితే మగత ఎక్కువగా ఉన్నట్లు. నిద్రలో శ్వాసను, ఆక్సిజన్‌ను నమోదు చేసే పరీక్ష ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు.

ప్రధాన చికిత్స సీప్యాప్ యంత్రం. ముక్కుకు తొడిగిన మాస్కు ద్వారా ఒత్తిడితో గాలిని పంపి శ్వాసమార్గం మూసుకొనిపోకుండా ఇది కాపాడుతుంది. సిడ్నీకి చెందిన కోలిన్ సల్లివాన్ బృందం 1981లో ఈ పద్ధతిని ప్రచురించింది. యంత్రాన్ని ప్రతి రాత్రీ వాడాలి. మానివేస్తే మగత తిరిగి వస్తుంది. బరువు తగ్గడం, దవడను ముందుకు నిలిపే దంత పరికరం, కొందరిలో శస్త్రచికిత్స ఇతర మార్గాలు.

చట్టాలు

ఐరోపా సమాఖ్య 2014లో జారీ చేసిన ఆదేశం ప్రకారం, మధ్యస్థ లేదా తీవ్ర స్థాయి వ్యాధి ఉండి పగటి మగత అధికంగా ఉన్నట్లు అనుమానం కలిగినవారు నిర్ధారణ అయ్యేవరకు వాహనం నడపరాదని సలహా ఇవ్వవచ్చును. వ్యాధి అదుపులో ఉన్నదని వైద్యులు ధృవీకరిస్తే లైసెన్సు లభిస్తుంది. సాధారణ చోదకులకు మూడేళ్ళకు మించకుండా, లారీ, బస్సు చోదకులకు ఏడాదికి మించకుండా వైద్య సమీక్ష జరగాలి. అమెరికాలో రవాణా కార్మికులకు ఈ పరీక్షలు జరపాలన్న ప్రతిపాదన 2016లో వచ్చి 2017లో ఉపసంహరించబడింది. భారతదేశంలో రవాణా వాహనాల లైసెన్సుకు వైద్య ధృవపత్రం అవసరం. అయితే మెలకువగా ఉన్న మనిషికి పగటిపూట చేసే కంటిచూపు, వినికిడి పరీక్షలలో ఈ వ్యాధి బయటపడదు.

ఉపాధి పోతుందనే భయంతో చోదకులు లక్షణాలను దాచడం పరిపాటి. కాని క్రమం తప్పక చికిత్స తీసుకుంటే చాలామందిలో మగత కొద్ది రోజులలోనే తగ్గుముఖం పడుతుంది. వ్యాధి అదుపులోకి వచ్చిన తరువాత వైద్యుని అనుమతితో వారు తిరిగి వాహనం నడపవచ్చును.