జోడీ కుదిరింది... జగం మెచ్చింది!

'ఆటలు కూడు పెడతాయా?' ఈ మాట వినపడని ఇల్లు మన గోదావరి జిల్లాల్లో ఉందంటారా? నేనూ వింటూ పెరిగినదాన్నే. అందుకే అమలాపురం డ్రిల్లు మాస్టారి ఇంటి కథంటే నాకంత ఇష్టం.

రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ 2000 ఆగస్టు 13న పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామోపాధ్యాయులు. నాన్న, అన్నయ్య బాడ్మింటన్ ఆడుతుంటే చూసి తనూ రాకెట్ పట్టుకున్నాడు. 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. ఆ వయసు పిల్లాణ్ణి అంత దూరం పంపాలంటే కన్నవాళ్ల మనసు ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా?

2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ అతన్ని ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టితో జత చేశారు. ఇద్దరూ పొడగరులే, ఇద్దరూ వెనకనుంచి బలంగా కొట్టేవాళ్లే. డబుల్స్‌లో ఒకరు వెనకనుంచి కొడుతుంటే ఇంకొకరు నెట్ దగ్గర కాచుకోవాలి. ఇద్దరూ 'నేను వెనకే ఉంటా' అంటే ఆట సాగదు. అచ్చం కాపురంలాగే! నెట్ దగ్గర పని ఎక్కువగా చిరాగ్ అందుకున్నాడు. జోడీ కుదిరింది.

అలాగని అన్నీ గెలుపులే కాదండోయ్. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో గ్రూపులోని మూడు మ్యాచుల్లో రెండు గెలిచారు. చివరికి స్వర్ణం కొట్టిన తైవాన్ జంటను కూడా ఓడించారు. అయినా గేముల లెక్కలో వెనకబడి ఇంటిదారి పట్టారు.

ఆ మరుసటేడే, 2022లో, భారత్ మొదటిసారి థామస్ కప్ గెలిచిన జట్టులో వీళ్లున్నారు. అదే ఏడు కామన్వెల్త్ స్వర్ణం. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో బాడ్మింటన్‌లో మన దేశానికి తొలి స్వర్ణం. ఆ అక్టోబరులోనే ప్రపంచ నంబర్ వన్ జోడీ! సాత్విక్ స్మాష్ వేగం ఎంతో తెలుసా? 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో కొలిస్తే గంటకి 565 కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు అది. అయిదు గ్రాముల ఈకల బంతి అలా దూసుకుపోయిందంటే ఆ చెయ్యి ఎలాంటిదో మరి!

2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మలేషియా జంట ఆరన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో అంతకన్నా పెద్ద దెబ్బ. కొడుకు ఖేల్‌రత్న అందుకునే వేళ పక్కనుందామని ఢిల్లీకి బయల్దేరిన విశ్వనాథం గారు గుండెపోటుతో కన్నుమూశారు. రాకెట్ పట్టడానికి ప్రేరణ అయిన మనిషే పతకం చూడకుండా పోయాడు.

ఆ ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్. మళ్లీ అదే పారిస్, అదే హాలు, క్వార్టర్ ఫైనల్లో అదే మలేషియా జంట. ఈసారి గెలిచారు. కాంస్యం తెచ్చుకున్నారు.

అందరి పిల్లలూ సాత్విక్‌లు కారు, నిజమే. అయినా స్కూల్లో డ్రిల్లు పీరియడ్‌ని లెక్కల క్లాసు చేసేస్తే ఊరుకోకండి. సాయంత్రం గంటసేపు అబ్బాయినీ, అమ్మాయినీ కూడా ఆడుకోనివ్వండి. కప్పులు రాకపోతే పోనీ. ఓడిన చోటికే మళ్లీ వెళ్లి ఆడొచ్చని తెలుసుకుంటే చాలదూ?