ఒకే కొండ... నాలుగు బొమ్మలు!

మన్యం అందాలు చూడ్డానికి రెండు కళ్లూ చాలవంటారు. మూడోది... అదే, కెమెరా కన్ను ఉన్నవాళ్లకి అక్కడ ఏడాది పొడుగునా పండగే. కాకపోతే ఎప్పుడు వెళ్లాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ కెమెరా దించెయ్యాలో తెలిసుండాలి!

జనవరిలో అరకు వెళ్లొచ్చినవాళ్లని అడగండి. 'అబ్బ, ఏం మంచు!' అంటారు. ఆగస్టులో వెళ్లినవాళ్లు జలపాతాల గురించి చెబుతారు. నవంబరులో వెళ్లినవాళ్ల ఫోన్లలో అన్నీ పసుపుపచ్చని పొలాలే. ఏప్రిల్లో వెళ్లొచ్చినవాళ్లు మాత్రం 'ఏముందక్కడ, ఎండ తప్ప' అని పెదవి విరుస్తారు. అందరూ చూసింది ఆ తూర్పు కనుమల్నే. తేడా అంతా రుతువుది. అందుకే కొండల్ని ఫొటో తీయాలనుకునేవాళ్లు మ్యాపుకన్నా ముందు క్యాలెండరు చూడాలి.

రంగులే కాదు, వెలుగు కూడా మారుతుంది మరి! డిసెంబరులో సూర్యుడు తూర్పుకి బాగా దక్షిణంగా ఉదయిస్తాడు. జూన్ వచ్చేసరికి ఉత్తరానికి జరుగుతాడు. మన దగ్గర ఈ రెండు చోట్లకీ మధ్య దూరం దాదాపు 50 డిగ్రీలు. అంటే చలికాలంలో తొలి కిరణం పడిన కొండవాలు వేసవి ఉదయం నీడలో ఉండిపోవచ్చు. నిరుడు ఎవరో తీసిన ఫొటో చూసి, అదే చోటికి వేరే నెలలో వెళ్లి నిరాశపడేది ఇందుకే.

తొలకరి: నీళ్ల పాట

జూన్ నెలాఖరుకల్లా కొండలు పచ్చబడతాయి. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైలెక్కితే అరకు చేరేలోగా 58 సొరంగాలు. ఒకదాంట్లోంచి బయటికొచ్చి ఇంకోదాంట్లోకి దూరేలోపు లోయ, వాగు, మబ్బు... అన్నీ ఒక్కసారే కనిపించి మాయమైపోతాయి. మధ్యలో వచ్చే శిమిలిగుడ స్టేషను ఎత్తు 996 మీటర్లు. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గంలోకెల్లా ఎత్తయిన స్టేషనుగా ఒకప్పుడు దానికి పేరు.

బొర్రా దగ్గర కటికి, జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతాలకు ఊపు వచ్చేదీ ఈ రోజుల్లోనే. నీళ్లు పాలధారలా రావాలంటే కెమెరాని స్టాండు మీద పెట్టి షట్టరు అర సెకను దాకా తెరిచి ఉంచితే చాలు. తడి ఆకుల మీది మెరుపు తగ్గి అసలు పచ్చదనం రావాలంటే పోలరైజర్ ఫిల్టరు వాడాలి. మబ్బు పట్టిన రోజు జలపాతానికి మంచి రోజు. ఎండ కాస్తే నురగంతా తెల్లటి మచ్చలా పడుతుంది.

అయితే ఈ కాలంలో ఫొటోకన్నా ప్రాణం ముందు! చాపరాయి లాంటి చోట నీళ్లు బండ మీద పరుచుకుని పారుతుంటాయి. లోతు లేదు కదా అని అడుగు వేస్తే పాచి జారుస్తుంది. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే నిమిషాల్లో వాగు పొంగుతుంది. నీళ్ల రంగు ఎర్రబడినా, చెత్తా ఆకులూ కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కెయ్యాలి.

కార్తీకం: కొండకు పసుపు

అక్టోబరు, నవంబరుల్లో వలిసె పూస్తుంది. కొండవాలుల మీద పసుపు ఆరబోసినట్టుంటుంది. ఈ మొక్క పుట్టిల్లు ఆఫ్రికాలోని ఇథియోపియా. గిరిజన రైతులు దీన్ని పెంచేది నూనెగింజల కోసం. విదేశాల్లో పంజరం పక్షులకు మేతగా కూడా ఈ గింజలు వాడతారు. పూల మీద తేనెటీగలు వాలితేనే గింజ కడుతుంది.

ఫొటోల మోజులో చాలామంది మరచిపోయేది ఇదే. అది తోట కాదు, ఓ ఇంటి పంట! సెల్ఫీ కోసం చేను మధ్యకి నడిస్తే తొక్కిన మొక్క మళ్లీ లేవదు. ఒక్కరైతే ఫర్వాలేదు, సెలవురోజున వందలమంది దిగితే? అసలే వలిసెను బంగారుతీగ అనే పరాన్నజీవి పీడిస్తోంది. ఆకుల్లేని ఆ పచ్చటి తీగ మొక్కని చుట్టేసి సారమంతా పీల్చేస్తుంది. అందుకే కొందరు రైతులు చేలో ఫొటో దిగేవాళ్ల దగ్గర కొంత రుసుము తీసుకుంటున్నారు. అది ఇచ్చి, గట్టు మీదే నిలబడాలి. నేలకి దగ్గరగా కూర్చుని తీస్తే చేను మధ్యలో ఉన్నట్టే వస్తుంది బొమ్మ!

మార్గశిరం: మబ్బుల సముద్రం

చలికాలం వస్తే దారులన్నీ లంబసింగికే. చింతపల్లి మండలంలో వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి 'కొర్రబయలు' అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉంటే కర్రలా బిగుసుకుపోతారని దానర్థం. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీంచి చూస్తే కాళ్ల కింద మబ్బుల సముద్రం, అందులో దీవుల్లా కొండ శిఖరాలు.

ఇంతకీ ఆ మబ్బులు లోయలోకి ఎలా వస్తాయి? ఆకాశం నిర్మలంగా, గాలి నెమ్మదిగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. బరువెక్కిన చల్లగాలి కొండవాలుల మీంచి లోయలోకి జారుతుంది. అందులోని తేమ మంచుగా మారుతుంది. పైన కాస్త వెచ్చటి గాలి మూతలా కప్పడంతో ఎటూ కదలదు. ఎండ ముదిరాక కరిగిపోతుంది. రాత్రి మబ్బు పట్టినా, గాలి వీచినా ఆ దృశ్యం ఉండదు. కాబట్టి ముందురోజు రాత్రి చుక్కలు బాగా కనిపిస్తే తెల్లవారుజామున లేవడానికి అలారం పెట్టుకోవచ్చు!

డిసెంబరులో పొద్దుపొడిచేది ఆరున్నర ప్రాంతంలో. ఐదున్నరకే కొండ మీద ఉంటే సూర్యుడి కన్నా ముందొచ్చే రంగులూ దొరుకుతాయి. తెల్లటి మంచుని చూసి కెమెరా మోసపోయి బొమ్మని మసకగా తీస్తుంది. ఎక్స్‌పోజరుని ఒక పాయింటు పెంచాలి. ఫోనైతే తెర మీద తాకి వేలు పైకి జరిపితే సరి.

చైత్రం: కాఫీ పూలు, నీలి కొండలు

వేసవిలో చూడ్డానికేముందీ అనేవాళ్లు కాఫీ తోటల వైపు వెళ్లాలి. మార్చి, ఏప్రిల్లో ఓ వాన పడితే కొద్దిరోజులకే కొమ్మల నిండా తెల్లటి పూలు, మల్లెల్లాంటి వాసన. మూడు నాలుగు రోజులే ఆ ముచ్చట. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని పువ్వుని ఫొటో తీసినవాళ్లు మాత్రం తక్కువే!

పోడు పొగ, ధూళి కలిసి ఈ కాలంలో దూరాన్ని మసకబారుస్తాయి. అదీ ఓ అందమే. గాలికొండ వ్యూ పాయింటు నుంచి జూమ్ లెన్సుతో చూస్తే కొండలు వరసకో నీలిరంగుతో ఒకదాని వెనక ఒకటి పేర్చినట్టుంటాయి. ఇటుకల పండగ వచ్చేదీ చైత్రంలోనే. థింసా ఆడుతున్న మహిళలనైనా, సంతలో అమ్ముకునే అవ్వనైనా అడక్కుండా ఫొటో తీయడం మర్యాద కాదు. తీసిన బొమ్మ ప్రింటు వేయించి మళ్లీ వెళ్లినప్పుడు చేతిలో పెడితే వాళ్ల ముఖంలో వెలుగే వేరు.

మళ్లీ అక్కడే...

అన్ని చోట్లా తిరిగే బదులు ఒక్కచోటునే ఎంచుకుని, అదే రాయి పక్కన నిలబడి, అదే కోణంలో నాలుగు కాలాల్లోనూ తీసి చూడండి. పదేళ్లు తీస్తే అది చరిత్రే! ఆల్ప్స్ పర్వతాల్లో హిమానీనదాలు ఎంత కరిగాయో 19వ శతాబ్దం చివర నుంచీ ఇలాంటి ఫొటోలతోనే లెక్కగడుతున్నారు. ఏ కొండ బోడిదైందో, ఏ చేను పోయి రిసార్టు లేచిందో మన ఆల్బమ్ కూడా చెబుతుంది.

బయల్దేరే ముందు...

* చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అదనంగా ఒకటి చొక్కా లోపలి జేబులో ఉంచుకోవాలి.

* చలిలోంచి గదిలోకి రాగానే కెమెరాని బయటికి తీస్తే లెన్సు మీద నీరు పడుతుంది. సంచిలోనే ఓ అరగంట ఉంచెయ్యాలి.

* వానాకాలంలో లెన్సులకు బూజు పడుతుంది. సంచిలో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి.

* ఘాట్‌రోడ్డు మలుపులో బండి ఆపి ఫొటోలు దిగొద్దు. మంచులో వెనక బండికి మీరు కనిపించరు.

* నీళ్ల సీసాలూ చిప్స్ పొట్లాలూ తిరిగి తెచ్చుకోవాలి. కొండ మీద వాటిని ఊడ్చేవాళ్లు ఉండరు!