మా ఇంట్లో చిన్న సముద్రం



మా అమ్మాయికి "ఫైండింగ్ నీమో" సినిమా అంటే ప్రాణం. 2003లో వచ్చిన ఆ సినిమాను తీసిన పిక్సార్ వాళ్ళ స్టూడియో మన ఫ్రీమాంట్‌కు దగ్గర్లోనే, ఎమరీవిల్‌లో ఉంది. సినిమా చూసిన రోజు నుంచి "నాన్నా, మనింట్లో కూడా నీమో కావాలి" అని ఒకటే గొడవ. ఒకసారి అందరం శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు వెళ్ళాం. అక్కడి స్టైన్‌హార్ట్ అక్వేరియంలో 25 అడుగుల లోతు, 2,12,000 గ్యాలన్ల నీరు ఉన్న పగడపు దిబ్బ తొట్టె ఉంది. దాన్ని చూశాక నాకూ ఆశ పుట్టింది.

ఒక శనివారం తొట్టె కొన్నాను. ఆదివారం ఉప్పునీళ్ళు నింపాను. మంగళవారం రెండు నీమో చేపలు, అంటే క్లౌన్ చేపలు తెచ్చాను. మళ్ళీ శనివారం వచ్చేసరికి రెండూ చనిపోయాయి. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదా నాన్నా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని మా అమ్మాయి ఏడుస్తూ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ తప్పు మీరు చెయ్యకూడదనే ఈ వ్యాసం.

పగడం అంటే ఏమిటి?

పిల్లలూ, మీ అమ్మమ్మగారి మెడలో నల్లపూసల మధ్య ఎర్రటి పగడాలు చూసే ఉంటారు. పగడం నవరత్నాల్లో ఒకటి. కానీ అది రాయి కాదు, చెట్టూ కాదు. పగడం ఒక జంతువు! చిన్న చిన్న పువ్వుల్లాంటి జీవులు గుంపులుగా చేరి, సముద్రపు నీటిలోని కాల్షియంతో తమ కింద సున్నపు గూళ్ళు కట్టుకుంటాయి. నగల్లో వాడే ఎర్ర పగడం లోతు నీళ్ళలో పెరిగే వేరే జాతి. దిబ్బలు కట్టే పగడాలు ఎండ తగిలే వెచ్చని, తేట నీళ్ళలో పెరుగుతాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఆ నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికీ పెడుతుంది. అందుకే పగడాల తొట్టెకు మంచి లైటు ఉండాలి.

నేను కాకినాడలో సముద్రం పక్కనే పెరిగాను. అయినా అక్కడ పగడపు దిబ్బ ఒక్కటీ చూడలేదు. గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీళ్ళు, ఒండ్రుమట్టి పగడాలకు పడవు. మన దేశంలో వాటిని చూడాలంటే అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ వంటి చోట్లకు వెళ్ళాలి.

పాలకు తోడు, తొట్టెకు తోడు

చేపలు ఎందుకు చనిపోయాయో ఇప్పుడు చెబుతాను. చేపలు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే వస్తుంది. అది చేపలకు విషం. నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అది కంటికి కనబడదు. సముద్రంలో, పాత తొట్టెల్లో ఒక రకం బాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ చెడ్డదే. ఇంకో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫరవాలేదు. కొత్త తొట్టెలో ఈ బాక్టీరియా ఉండదు. నేను చేపలను తెచ్చి విషంలో వేశానన్నమాట.

ఇదంతా ఫోనులో మా అమ్మకు చెబితే, "తోడు వెయ్యకుండా పాలు పెరుగవుతాయట్రా? తోడు వేసినా తెల్లారేదాకా ఆగాలిగా!" అంది. మా అమ్మ సైన్సు చదవలేదు కానీ విషయం ఒక్క ముక్కలో చెప్పేసింది. తొట్టెకు తోడు "లైవ్ రాక్", అంటే ఆ బాక్టీరియా పట్టి ఉన్న సముద్రపు రాయి. అది దొరక్కపోతే పొడి రాయి వేసి, సీసాల్లో అమ్మే బాక్టీరియా కలపవచ్చు. ఈ తోడు తోడుకోవడానికి ఒక రాత్రి కాదు, సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నీళ్ళు పొయ్యడానికి ముందు

మొదటిసారి పెట్టేవారికి 40 గ్యాలన్ల తొట్టె మంచిది. చిన్న తొట్టె సులువనుకుంటాం కానీ, నీళ్ళు తక్కువైతే వేడి, ఉప్పు, విషం అన్నీ చప్పున మారిపోతాయి.

బరువు ముందే లెక్క వేసుకోండి. ఉప్పునీరు గ్యాలనుకు సుమారు ఎనిమిదిన్నర పౌండ్లు. 40 గ్యాలన్లంటే నీళ్ళే 340 పౌండ్లు. రాళ్ళు, ఇసుక, గాజు దీనికి అదనం. మన ఊరి మధ్య నుంచే హేవార్డ్ ఫాల్ట్ పోతోంది. 1868 భూకంపంలో ఇక్కడి మిషన్ శాన్‌హోసే చర్చి కూలిపోయింది. కాబట్టి తొట్టెకని చేసిన గట్టి బల్లనే వాడి, దాన్ని గోడలోని కర్రకు బిగించండి. పిల్లల మంచం పక్కన మాత్రం పెట్టకండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్క కూడా వద్దు. కరెంటు తీగ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేలా పెట్టండి. తీగ మీద కారిన నీరు ప్లగ్గులోకి పోకుండా కింద పడిపోతుంది.

కుళాయి నీళ్ళు పనికిరావు. అలమెడా కౌంటీ వాటర్ డిస్ట్రిక్ట్ మన నీళ్ళలో క్లోరమిన్ కలుపుతుంది. ఒక రాత్రి బకెట్లో నిలవ ఉంచినంత మాత్రాన అది పోదు. ఆర్వో, డీఐ ఫిల్టర్లు రెండూ ఉన్న యంత్రంతో శుద్ధి చేసిన నీరు వాడాలి. ఆ యంత్రం వదిలేసే నీటిని కరివేపాకు చెట్టుకు పోసుకోవచ్చు.

వంట ఉప్పు కూడా పనికిరాదు. అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు కొనండి. గ్యాలనుకు సుమారు అర కప్పు పడుతుంది. వేరే బకెట్లో కలిపి, చిన్న పంపుతో ఒక రోజు తిప్పి, కొలిచాకే తొట్టెలో పొయ్యండి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. కొలిచే పరికరం మీద ఇది 1.025 లేక 1.026 అని చూపిస్తుంది. వేడి 76 నుంచి 80 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య నిలకడగా ఉండాలి.

వారం వారం ఏం జరుగుతుంది?

1. మొదటి వారం: ఇసుక, రాళ్ళు, నీళ్ళు, హీటరు, నీటిని కదిలించే పంపు. చేపలు లేవు! బాక్టీరియాకు మేతగా కొద్దిగా అమ్మోనియా కావాలి. కొందరు పచ్చి రొయ్య వేసి కుళ్ళనిస్తారు. శాకాహారుల ఇళ్ళలో ఆ వాసన భరించక్కర్లేదు, ఇందుకోసం అమ్మే అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు చాలు.

2. రెండు నుంచి ఆరు వారాలు: రెండు మూడు రోజులకోసారి పరీక్ష చెయ్యండి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నా అయి, నైట్రేట్ కనబడితే తోడుకున్నట్టే. మళ్ళీ కాస్త అమ్మోనియా వేసి, మర్నాటికి రెండూ సున్నాకు వస్తాయో లేదో చూసి నిర్ధారించుకోండి.

3. ఆ తర్వాత: కొంత నీరు మార్చి, నత్తలు, ఒకటి రెండు చిన్న చేపలు వెయ్యండి. ఇక్కడ చాలామంది భయపడతారు. రాళ్ళ మీద గోధుమరంగు బూజులాంటిది, తర్వాత పచ్చ నాచు వస్తాయి. ఇది కొత్త తొట్టెలకు వచ్చే బాలారిష్టం. మందులు పొయ్యకండి. మేత తగ్గించండి, పదిహేను రోజులకోసారి పది శాతం నీరు మార్చండి.

4. మూడు నాలుగు నెలలకు: అంతా నిలకడగా ఉంటే ఒకటి రెండు మెత్తటి పగడాలు పెట్టవచ్చు. లైటు రోజుకు 8 నుంచి 10 గంటలు చాలు. నీమో ఇల్లయిన సీ అనిమోన్‌కు మాత్రం ఏడాది దాకా ఆగండి. అది లేకపోయినా నీమో హాయిగా బతుకుతుంది. డోరీ చేపకు చాలా పెద్ద తొట్టె కావాలి, దాని జోలికి పోకండి.

పులుసు లెక్క

నీళ్ళు రోజూ ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ఆవిరి కాదు. పులుసు ఇగిరితే ఉప్పగా అయినట్టు తొట్టె కూడా ఉప్పగా అవుతుంది. అప్పుడు పులుసులో ఏం పోస్తాం? మంచినీళ్ళే కదా! తొట్టెలోనూ రోజూ తగ్గినంత మేరకు శుద్ధి చేసిన మంచినీళ్ళే పొయ్యాలి.

మరిచిపోకూడని జాగ్రత్తలు

రాగి చెంబుతో తొట్టెలో నీళ్ళు పొయ్యకండి. రాగి కొద్దిగా కరిగినా పగడాలు, నత్తలు, రొయ్యలు చస్తాయి. రాగి ఉన్న చేపల మందులూ అంతే. జబ్బు చేసిన చేపకు వేరే తొట్టెలో వైద్యం చెయ్యాలి.

కొన్ని మెత్తటి పగడాల్లో, ముఖ్యంగా జోయాంథిడ్ జాతుల్లో, పాలిటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉండవచ్చు. గ్లవ్స్ లేకుండా పగడాలను ముట్టుకోకండి. తొట్టెలోని రాళ్ళను వేడినీళ్ళలో ఉడకబెట్టకండి, ఆ ఆవిరి పీల్చినా ఆసుపత్రి పాలవుతారు. పిల్లలూ, పెద్దవాళ్ళు పక్కన లేకుండా తొట్టెలో చెయ్యి పెట్టవద్దు.

తొట్టెలోని నీళ్ళు, నాచు, చేపలు లేక్ ఎలిజబెత్‌లో గానీ వీధి కాలువలో గానీ పారబొయ్యకండి. కాలువ నీళ్ళు శుద్ధి కాకుండానే బే లోకి పోతాయి. 2000లో దక్షిణ కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్ దగ్గర కాలెర్పా అనే అక్వేరియం నాచు సముద్రపు నీటిలో పాకింది. 2006 నాటికి దాన్ని నిర్మూలించారు కానీ డెబ్బై లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. పాత నీళ్ళు ఇంట్లో సింకులోనే పొయ్యండి.

చివరిది మనలాంటి కుటుంబాలకు ముఖ్యం. వేసవిలో నెల రోజులు ఇండియా వెళితే తొట్టెను ఎవరు చూస్తారు? తొట్టె కొనకముందే ఆలోచించండి. మేం పక్కింటివారికి రోజువారీ మేతను చిన్న పొట్లాలు కట్టి ఇచ్చి వెళతాం. డబ్బా ఇస్తే ప్రేమతో ఎక్కువ వేసేస్తారు!

రెండోసారి

రెండోసారి మేం ఐదు వారాలు ఆగాం. ఖాళీ రాళ్ళున్న తొట్టెను చూసి ఇంటికొచ్చినవాళ్ళంతా "చేపలేవండీ?" అని అడిగేవారు. మా అమ్మాయి పరీక్ష లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో, ఇక్కడ బడిలో నేర్చుకున్న తెలుగు అంకెలతో రాసింది. రెండు సున్నాలూ పక్కపక్కన రాసిన రోజు, "ఇప్పుడు తేవచ్చు నాన్నా" అని తనే చెప్పింది. ఆ రోజు తెచ్చిన రెండు చేపలూ ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతున్నాయి. వాటిలో పెద్దది ఆడది. క్లౌన్ చేపలన్నీ మగవిగానే మొదలవుతాయి, గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడదిగా మారుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది కూడా మా అమ్మాయే!

పిల్లలకు కొత్త మాటలు

పగడం – సముద్రంలో గుంపులుగా బతికే చిన్న జంతువు
దిబ్బ – ఎత్తుగా పేరుకున్న గుట్ట
మొప్పలు – చేపలు ఊపిరి పీల్చుకునే అవయవాలు
నాచు – నీళ్ళలో పెరిగే పచ్చటి మొక్కలాంటిది
తోడు – పాలు పెరుగు కావడానికి వేసే కొద్దిపాటి పెరుగు. స్నేహితుడు అని కూడా అర్థం
ఒండ్రుమట్టి – నదులు మోసుకొచ్చే మెత్తటి మట్టి